మా బావమరిది రెండో తీగ

మా బావమరిదికి ఒకటి అనే అంకె గిట్టదు. ఏ వస్తువైనా ఒక్కటే ఉందంటే అది లేనట్టే లెక్క అని అతని సిద్ధాంతం. ముక్కు మీద ఒక కళ్ళజోడు, జేబులో ఒక కళ్ళజోడు. కుడిచేతికి ఒక గడియారం, ఎడమచేతికి ఒక గడియారం. ఎండ కాసినా వాన కురిసినా చంకలో రెండు గొడుగులు. ఆ రెండూ ఒకే దుకాణంలో కొన్నవి కావు. ఒకే దుకాణంలో కొంటే ఒకే కార్ఖానాలో తయారై ఉంటాయనీ, ఒకే గాలికి రెండూ వెల్లకిలా తిరిగిపోతాయనీ, అలాంటివి రెండు గొడుగులు కావు, రెండు పిడులున్న ఒకే గొడుగు అనీ చాలా గంభీరంగా చెప్పేవాడు. నవ్వితే నొచ్చుకునేవాడు.

క్షవరానికి రెండు షాపులు పెట్టుకున్నాడు. ఒక నెల వీధి మొదట్లో ఉన్న షాపు, మరుసటి నెల వీధి చివర షాపు. మొదటాయన పాపిడి ఎడమవైపు తీస్తే చివరాయన కుడివైపు తీసేవాడు. అందుచేత మా బావమరిది నెలకో పక్క పాపిడితో తిరిగేవాడు. షాపుల వాళ్ళిద్దరూ అతన్ని నమ్మకద్రోహి కింద జమకట్టి, జుట్టు కత్తిరిస్తున్నంత సేపూ ముభావంగా ఉండేవారు. అతనికి మాత్రం ఇద్దరి మీదా సమానమైన గౌరవం.

తన పెళ్ళికి బయలుదేరిన రోజున రెండు కార్లు మాట్లాడి, ఒకదాన్ని ఒక దారిన, రెండోదాన్ని ఇంకో దారిన పంపించాడు. సామాను రెంటిలోనూ సగం సగం సర్దించాడు. పెళ్ళికొడుకు ఏ కార్లో ఎక్కుతాడో ఆఖరు నిమిషం దాకా కన్నతల్లికి కూడా చెప్పలేదు. రెండు కార్లూ క్షేమంగా చేరేసరికి అతని ముఖంలో కొంచెం నిరాశ కనబడిందని చూసినవాళ్ళు చెబుతారు. మా ఆవిడ అతనికి సొంత అక్క, చనువు ఎక్కువ. పెళ్ళికూతుర్ని కూడా ఇంకొకర్ని చూసి ఉంచావా తమ్ముడూ అని అడిగిందట. అతను నవ్వలేదు. చాలాసేపు ఆలోచించి, ఈ ఒక్క విషయంలో మాత్రం రెండోది ఉండకూడదక్కా అన్నాడట. అది ఆలోచించడానికి అంతసేపు ఎందుకు పట్టిందని అతని భార్యకు ఈనాటికీ కోపం.

అతని కథ బోధపడాలంటే నా సంగతి కూడా కాస్త చెప్పక తప్పదు. మా ఊరి బడిలో ఉన్న తరగతులన్నీ చదివి, ఇంక చదవడానికి తరగతులు లేక బయటికి వచ్చినవాణ్ణి నేను. పెద్దాసుపత్రిలో కరెంటు మేస్త్రీగా చేరాను. ఆ నాలుగు అంతస్తుల భవనంలో నా చేయి పడని గోడ లేదు. ఆపరేషన్ థియేటర్లో నీడ పడని పెద్ద దీపాన్ని పైకప్పుకు బిగించింది నేను. జనరేటరును లారీ మీదనుంచి దింపించి, మట్టం చూసి, పునాది మీద కూర్చోబెట్టింది నేను. ప్రారంభోత్సవం నాడు స్విచ్చి నొక్కింది పెద్దమనుషులే గాని, ఆ స్విచ్చి పెట్టింది నేను. చేరిన నాటినుంచి ఒక్క రోజు సెలవు పెట్టలేదు. ఈ సంగతి ఎవరైనా అడిగితే చెప్పేవాణ్ణి. అడగకపోయినా చెప్పేవాణ్ణి.

సెలవు ఎందుకు పెట్టలేదంటే, మా జనరేటరు పాతకాలపుది. కరెంటు పోతే దానంతట అది లేవదు. మనిషి లేపాలి. ఆ మనిషిని నేను. నేను లేకపోతే ఆసుపత్రి చీకటి అని అందరూ అనేవారు, లేదా నేను అంటుంటే వినేవారు.

ఇటు మా ఆవిడకు తుంటి ఎముక అరిగిపోయింది. పక్క నగరంలో ఆపరేషన్ చేసి కొత్త తుంటి అమరుస్తారనీ, తరవాత కొన్ని వారాలు మనిషి పక్కనే ఉండి నడిపించాలనీ డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. మాకు పిల్లలు లేరు. నాకు జనరేటరు ఉంది. అడిగినప్పుడల్లా ఆవిడ, నాకేం, బాగానే ఉన్నాను, మీ పని మీరు చూసుకోండి అనేది. బాగానే ఉంది కదా అని నేనూ పని చూసుకునేవాణ్ణి. ఆపరేషన్ ఒక ఏడాదినుంచి ఇంకో ఏడాదికి వాయిదా పడుతూ వచ్చింది. వంటింటినుంచి వీధి గుమ్మం దాకా రావడానికి ఆవిడ గోడను పట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ గోడ మీద సున్నం అరిగి చెయ్యి ఎత్తున ఒక చార పడింది. నేను దాని మీద మళ్ళీ సున్నం వేయించాను.

మా బావమరిది అదే ఆసుపత్రిలో కంప్యూటర్ గదికి అధికారి. ఎక్స్‌రే బొమ్మలు, రక్తపరీక్షల ఫలితాలు, ఏ మంచం మీద ఎవరున్నారు, వాళ్ళకు ఏ మందు పడదు, ఇవన్నీ ఆ గదిలో ఒక పెద్ద కంప్యూటర్లో ఉంటాయి. అది లైనక్స్ అనే వ్యవస్థ మీద నడుస్తుందని చెప్పేటప్పుడు అతను కొంచెం నిటారుగా నిలబడేవాడు. వార్డుల్లో ఉన్న చిన్న కంప్యూటర్లన్నీ ప్రతిదానికీ ఆ పెద్దదాన్నే అడగాలి. ఆ అడగడమూ చెప్పడమూ అంతా వెనకాల దూర్చిన ఒక తీగ మీద జరుగుతుంది. ఆ తీగ తెగితే థియేటర్లో డాక్టరుగారి ముందు ఎక్స్‌రే ఉండదు, ఖాళీ తెర ఉంటుంది.

ఒక తీగ అనే మాట విన్నాక మా బావమరిదికి నిద్ర ఎలా పడుతుంది? పెద్ద కంప్యూటర్లో తీగ దూర్చే నెట్‌వర్క్ కార్డులు రెండు పెట్టించి, రెండింటినీ ఒక పేరు కింద కట్టేశాడు. దాన్ని బాండింగ్ అంటారట. బయటివాళ్ళకు ఒకే పేరు, ఒకే చిరునామా కనబడుతుంది. లోపల ఉండేది ఇద్దరు. ఇద్దరినీ పనికి పెట్టి బరువు పంచవచ్చు. ఒకరు కూలబడితే రెండోవారు మొత్తం మోస్తారు, కాస్త నెమ్మదిగానే అయినా. లేదా ఒకర్ని పనికి పెట్టి, రెండోవారిని మేలుకుని కూర్చోమనవచ్చు. మొదటివారు పడీ పడగానే రెండోవారు అందుకుంటారు. ఇదంతా అతను కాగితం మీద గీతలు గీసి చెప్పాడు. మెయిన్ లైనూ జనరేటరూ ఉన్నట్టన్నమాట, నువ్వు నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే ఇది నేను చేశాను అన్నాను. నిజమే బావగారూ, మీరు ముందే చేశారు అని ఒప్పుకున్నాడు. పెద్దల్ని ఒప్పుకోవడంలో అతనికి వంక పెట్టడానికి లేదు.

రెండో తీగ వేసే పని సహజంగానే నాకు వచ్చింది. మొదటి తీగ నేను వేసిన పైపులోనే ఉంది. దాని పక్కనే రెండోది దూర్చేస్తే మధ్యాహ్నం భోజనానికి ముందే పని అయిపోతుంది. మా బావమరిది ఒప్పుకోలేదు. రెండోది రెండో మెట్ల వైపునుంచి రావాలన్నాడు. మొదటి తీగ వెళ్ళి చేరే పెట్టెలో ఇది చేరకూడదు, వేరే గదిలో వేరే పెట్టెలో చేరాలి, ఆ పెట్టెకు కరెంటు వేరే బోర్డునుంచి రావాలన్నాడు. తీగలన్నీ వచ్చి కలిసే ఆ పెట్టెను వాళ్ళు స్విచ్ అంటారు. నొక్కడానికి ఏమీ లేనిదాన్ని స్విచ్ అనడం నాకు ఈనాటికీ సమ్మతం కాదు.

"నా పైపులో పది తీగలకు చోటుంది," అన్నాను.

"చోటుంది బావగారూ. ఎలక్కి కూడా ఉంది."

నా పైపులో దూరడానికి ఎలుక సిగ్గుపడాలి. అయినా చెల్లెలి వరస పిల్లకు మొగుడు కదా అని ఊరుకుని, రెండో మెట్ల వైపునుంచి, డాబా మీదుగా, ఎక్స్‌రే గది చూరు కింద, చిన్నపిల్లల వార్డు దాటించి తీగ తీసుకొచ్చాను. ఎక్కడా వంపు కనబడదు. ఇప్పటికీ వెళ్ళి చూడవచ్చు.

పని పూర్తయ్యాక అతను మా పెద్ద డాక్టరమ్మను కంప్యూటర్ గదికి ఆహ్వానించాడు. ఆవిడే ఆసుపత్రికి అధికారి. మాట్లాడితే ముక్తసరిగా మాట్లాడుతుంది. తెర మీద వరసగా గీతలు పడుతున్నాయి. ప్రతి గీతా వార్డులో ఒక కంప్యూటర్ "ఉన్నావా" అని అడిగితే ఇది "ఉన్నాను" అన్న జవాబు. మా బావమరిది చేతులు తుడుచుకుని, వెనక్కి వెళ్ళి, మొదటి తీగ పట్టుకుని పీకేశాడు. డాక్టరమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. గీతలు పడుతూనే ఉన్నాయి.

"ఏమైంది?" అంది ఆవిడ.

"ఏమీ కాలేదండీ," అన్నాడు సంతోషంగా.

"మరి నన్నెందుకు పిలిచారు?"

"ఏమీ కాలేదని చూపించడానికండీ."

ఆవిడ గడియారం చూసుకుని లేచి వెళ్ళింది. ఆ తరవాత వారం వారం అతను తీగ పీకుతూనే ఉన్నాడు. పీకి చూడని రెండో తీగ తీగే కాదు, అలంకారం అనేవాడు. ఒక్కో వారం ఒక్కొక్కర్ని పిలిచేవాడు. లెక్కల గుమాస్తా, మందుల కొట్టు అతను, గేటు దగ్గర కాపలాదారు, అందరూ వెళ్ళి ఏమీ జరగకపోవడం చూసి వచ్చారు. ఒకసారి తాపీమేస్త్రీ ఒకడు గోడకు కన్నం వేస్తూ నిజంగానే మొదటి తీగను తెగ్గొట్టాడు. ఆసుపత్రిలో ఎవరికీ తెలియలేదు. మా బావమరిది ఒక్కడే వెతుక్కుంటూ వెళ్ళి, రెండు చేతులతో తాపీమేస్త్రీ చెయ్యి పట్టుకుని, మీ మేలు మరిచిపోనండీ అన్నాడు. ఆ మేస్త్రీ భయపడి మర్నాటినుంచి పనికి రాలేదు.

ఇంకో ముచ్చట. ఆ కార్డులకు చిన్న పచ్చ దీపాలుంటాయి. తీగ బాగుంటే వెలుగుతాయి. ఒక మధ్యాహ్నం దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంది గాని అవతలనుంచి ఒక్క జవాబూ రాలేదు. తీగ బాగానే ఉంది, పెట్టె బాగానే ఉంది, ఆ పెట్టెకు అవతల ఎక్కడో దారి మూసుకుపోయింది. దీపానికి అంత దూరం తెలియదు కదా. దీపం వెలుగుతోంది కాబట్టి రెండో తీగ కూడా కదలకుండా కూర్చుంది. మా బావమరిది రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. తరవాత పద్ధతి మార్చాడు. ఇప్పుడు ఆ కంప్యూటర్ దీపాన్ని చూసి ఊరుకోదు. అవతలి చివర ఉన్నవాడికి ఒక ప్రశ్న వేసి జవాబు కోసం చూస్తుంది. జవాబు రాకపోతే, దీపం ఎంత పచ్చగా ఉన్నా నమ్మదు.

అప్పటినుంచి మనుషుల దగ్గర కూడా అదే వరస. మా ఇంటికి వచ్చి, బాగున్నావా అక్కా అనేవాడు. బాగున్నానురా అనేది మా ఆవిడ. అక్కడితో ఆగకుండా, ఆ పైఅరలో డబ్బా కాస్త అందివ్వక్కా అనేవాడు. గోడ పట్టుకుని లేచి, పళ్ళ బిగువున డబ్బా అందుకుని ఇచ్చేది. అతను ఆ డబ్బా మూత తీసి, లోపలికి చూసి, మూత పెట్టేసి తిరిగి ఇచ్చేవాడు. నొప్పితో ఉన్న మనిషికి పనులు చెబుతావేమయ్యా, చెయ్యెత్తితే నీకే అందుతుందిగా అని నేను కోప్పడేవాణ్ణి. తప్పయిపోయింది బావగారూ అనేవాడు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అంతే.

మా జనరేటరు గదికి ఆనుకుని పంపుల గది ఉంది. అందులో పంపులావిడ ఉండేది. డాబా మీద ట్యాంకులకు నీళ్ళెక్కించడం ఆవిడ పని. నా కరెంటు లేనిదే ఆవిడ పంపు తిరగదు, ఆవిడ నీళ్ళు లేనిదే నా ఇంజను చల్లబడదు. అందుచేత మా ఇద్దరికీ పడేది కాదు. ఫిర్యాదు ఉంటేనే మాట. ఆవిడకు దూరాన ముసలితల్లి ఉంది. చూసి రావాలని ఆవిడకు ఎప్పటినుంచో ఉంది గాని, పంపు దగ్గర నిలబడే ఇంకో మనిషి లేదు.

మా బావమరిది ఒకనాడు మా గదికి వచ్చి, చెప్పవచ్చో చెప్పకూడదో అన్నట్టు నసిగి, పంపులావిడ ఒక మాట అంటోంది బావగారూ అన్నాడు. ఈ బోర్డు దగ్గర ఏముంది, మీట పైకి అనడం, కిందికి అనడం, ఇంతకీ ఈయన రోజంతా చేసేదేమిటి అంటోందట. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అదే రోజున ఆవిడ దగ్గరికి కూడా వెళ్ళి, నీళ్ళ పంపు తిప్పడానికి ఒక మనిషి ఎందుకా అని మేస్త్రీగారు ఆశ్చర్యపోతున్నారు అని చెప్పాడన్న సంగతి నాకు అప్పుడు తెలియదు.

నేను ఆవిణ్ణి పిలిచి, నా పని ఎంత కష్టమో బోధపడేలా చెప్పడం మొదలుపెట్టాను. మెయిన్ పోయిన వెంటనే ఏ మీట దించాలి, ఇంజనును ఎలా లేపాలి, మీటరులో ముల్లు వణుకు మాని నిలబడేదాకా ఎందుకు ఆగాలి, మొదట థియేటరు, తరవాత ఊపిరి అందని రోగుల గది, ఆ తరవాత వార్డులు, అన్నిటికీ చివర లిఫ్టు. లిఫ్టు ముందు ఎత్తుకుంటే ఇంజను ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. ఆవిడ వినేది, మర్నాడు వచ్చి ఇంకో ప్రశ్న వేసేది. ప్రశ్నలు మంచివి. నాకు చెప్పడం రుచించింది. వారాలు గడిచాయి. మధ్యలో ఆవిడ కూడా నన్ను పంపుల గదికి లాక్కుపోయి, పంపులో గాలి చేరితే చప్పుడు ఎలా మారుతుందో, వాల్వు ఏ పక్కకు ఎంత తిప్పాలో నా చేత చేయించింది. మొదటిసారి నేను తిప్పినప్పుడు నీళ్ళు ట్యాంకులోకి బదులు నా మీదికి వచ్చాయి.

"చూశారా అన్నగారూ, దానికి కూడా మనుషులు తెలుస్తారు," అంది తుడుచుకోవడానికి గుడ్డ ఇస్తూ.

నెలకోసారి జనరేటరును పరీక్షించే రోజు ఉంటుంది. ఆ రోజు థియేటర్లో ఆపరేషన్లు పెట్టరు. అందరికీ ముందే చెప్పి, పగటిపూట మెయిన్ ఆపి, జనరేటరు మీద ఆసుపత్రిని నడిపి చూస్తాం. ఆ నెల ఆ రోజున, మెయిన్ ఆపడానికి ఇంకా వ్యవధి ఉందనగా మా బావమరిది వచ్చి, డాబా మీద రెండో తీగ ఒకచోట వేలాడుతోంది, ఒక్కసారి చూడాలి బావగారూ అన్నాడు. నేను వేసిన తీగ వేలాడడమా అని మెట్లెక్కి పరిగెత్తాను. తీగ సుబ్బరంగా ఉంది. బిగించిన మేకు కూడా కదలలేదు. ఏమిటయ్యా ఇది అని వెనక్కి తిరిగేసరికి కింద ఎక్కడో ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా నెమ్మదించిన చప్పుడు. నాలుగు అంతస్తుల భవనం ఊపిరి బిగబట్టినట్టు అయింది.

నా కాళ్ళు మెట్లవైపు పడ్డాయి. అతను నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క క్షణం ఆగండి బావగారూ."

"వదులు. మెయిన్ ఎవరో ఆపేశారు. బోర్డు దగ్గర ఎవరూ లేరు."

"ఉన్నారు. వినండి."

కిందనుంచి ఇంజను ఒకసారి దగ్గింది. రెండోసారి దగ్గి, అందుకుంది. నా దగ్గర నేర్చుకున్నది పంపులావిడ ఒక్కతే, వెంటనే మీట వేసేస్తుందేమోనని ఒళ్ళంతా చెవులు చేసుకున్నాను. వేయలేదు. ముల్లు నిలబడేదాకా ఆగింది. ఆ తరవాత ఇంజను గొంతు కొంచెం బరువెక్కింది, అది థియేటరు. ఇంకొంచెం బరువెక్కింది, ఊపిరి గది. తరవాత వార్డులు, ఒక్కొక్కటే. అన్నిటికీ చివర, డాబా మీద మా పక్కనే ఉన్న గదిలో లిఫ్టు మోటారు కదిలింది. ఎక్కడా ఒక్క తప్పు లేదు. నేను పిట్టగోడ మీద కూలబడ్డాను.

ఎవరి అనుమతితో చేశారిది అని అడిగాను. పెద్ద డాక్టరమ్మ అనుమతితోనే అన్నాడు. ఆవిడ ఇప్పుడు మీ జనరేటరు గదిలోనే ఉంది, పంపులావిడ పక్కన నిలబడి ఉంది అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను పనికిరానని నిరూపించడానికి ఇన్ని వారాల నాటకమా అన్నాను. ఇన్నేళ్ళలో ఒక్కరోజు సెలవు పెట్టనివాణ్ణి అని కూడా అన్నాను. అతను నా ఎదురుగా, నేల మీద, రెండు గొడుగులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"రెండోది ఎందుకుంటుందో మీకు సరిగా చెప్పలేకపోయాను బావగారూ. మొదటిది పాడవుతుందని అందరూ అనుకుంటారు. మొదటిది కూడా కాసేపు కూర్చోవాలి కదా."

నేను తీగ బిగించిన మేకును మళ్ళీ ఒకసారి వేలితో కదిపి చూశాను.

"అక్క దీపం పచ్చగానే ఉంది," అన్నాడు. "జవాబే రావడం లేదు. పోయిన వారం ఆ డబ్బా అందుకోలేకపోయింది. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది."

అక్క పక్కన ఉండడానికి నా భార్య వస్తానంది, నేను వస్తానన్నాను, అక్క వద్దంది అన్నాడు. అక్కకు మీరే కావాలి అని అతను అనలేదు, నేను పెద్దవాణ్ణి కదా, సిగ్గుపడ్డాడు. ఆపరేషన్ అంటే ఆవిడకు భయం లేదట. నేను అక్కడ పక్కన కూర్చుని, చెవులు మాత్రం ఇక్కడ ఇంజను దగ్గర పెట్టుకుంటే ఆ మంచం మీద పడుకోలేనందట. పంపులావిడ పని నేర్చుకుంది అని నోటితో చెబితే నేను నమ్మనని అతనికి తెలుసు. అందుకని డాబా మీదికి తీసుకొచ్చి వినిపించాడు.

కింద ఇంజను హాయిగా నడుస్తోంది. చాలాసేపు విన్నాను. వంక పెట్టడానికి ఏదైనా దొరుకుతుందేమోనని విన్నాను. దొరకలేదు.

సెలవు అడగడానికి వెళితే డాక్టరమ్మ నా మాట పూర్తికాకముందే సరే అంది. ఆవిడకు ముందే తెలుసు. లెక్కల గుమాస్తాకు తెలుసు. గేటు దగ్గర కాపలాదారుకు కూడా తెలుసు. ఆసుపత్రిలో తెలియనిది నాకొక్కడికే. నేను వెళ్ళి వచ్చాక పంపుల గది చూసుకోవాలనీ, అప్పుడు తను తల్లి దగ్గరికి వెళుతుందనీ పంపులావిడ ఎప్పుడో ఖాయం చేసుకుని, సంచీ కూడా సర్దుకుని పెట్టుకుంది. వాల్వు ఏ పక్కకు తిప్పాలో మరిచిపోకండి అని మళ్ళీ ఒకసారి నా చేత తిప్పించి మరీ పంపించింది.

నగరంలో ఆపరేషన్ చేసే డాక్టరుగారు చాలా గంభీరమైన మనిషి. మా బావమరిది ఆయన గదిలోకి వెళ్ళి, మీ తరవాత ఎవరండీ అని అడిగాడు. ఆయనకు అర్థం కాలేదు. మీకు మధ్యలో తల తిరిగితే ఎవరు అందుకుంటారండీ అని విడమరిచి అడిగాడు. మాకు ఎప్పుడూ ఇద్దరు సర్జన్లు ఉంటారయ్యా అన్నారాయన. మా బావమరిది కళ్ళు చెమర్చాయి. ఇద్దరూ ఇంటినుంచి ఒకే కార్లో వస్తారా అండీ అని అడగబోతుంటే నేను చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

ఆపరేషన్ బాగా జరిగింది. నేను పక్కనే ఉన్నాను. మొదట్లో మా ఆసుపత్రికి ఫోన్ చేస్తుండేవాణ్ణి. ఇక్కడ కరెంటు ఉంది, నీళ్ళున్నాయి, మీరు ఫోన్ పెట్టేస్తే నాకు తీరిక కూడా ఉంటుంది అన్నగారూ అని పంపులావిడ అన్నాక మానేశాను. చేతిలో పని లేదు కాబట్టి ఆ వార్డులోని వాళ్ళకు నా జీవితం చెప్పాను. నీడ పడని దీపం సంగతి చెప్పాను. జనరేటరును మట్టం చూసి కూర్చోబెట్టిన సంగతి చెప్పాను. పక్క మంచం ఆవిడ నిద్రపోతే ఆ పక్క మంచం ఆవిడకు మొదటినుంచి చెప్పాను. కొన్ని రోజులు గడిచేసరికి మా ఆవిడ తమ్ముడికి కబురు పెట్టింది. ఒరేయ్, ఆయన పక్కన ఉండాలన్నాను గాని ఇంతసేపు అనలేదు, రోజూ కాసేపు నువ్వొచ్చి ఈయన్ని బయట తిప్పు, పక్కవాళ్ళకు కూడా కాస్త విశ్రాంతి కావాలి అంది. అతను బరువు పంచుకోవడానికి రెక్కలు కట్టుకుని వాలాడు. సాయంత్రాలు నన్ను వీధిలోకి తీసుకెళ్ళి, నా కథంతా తను వినేవాడు. అప్పటికే అన్నీ తెలిసినవే. అయినా మధ్యమధ్యలో అవునా బావగారూ అనేవాడు.

కర్రల సాయం లేకుండా మా ఆవిణ్ణి మొదటిసారి నడిపించిన రోజు ఆ వార్డు బయట పొడవాటి వరండాలో ఎండ పడుతోంది. నర్సు వెనక నిలబడింది. నేను పక్కన నిలబడి చెయ్యి ఇచ్చాను. ఆవిడ గోడవైపు చూడలేదు. ఒక అడుగు వేసింది. రెండోది వేయబోతూ ఆగి, నావైపు తిరిగింది.

"ఏమండీ, ఇప్పుడు అక్కడ కరెంటు పోతే?"

"పోతే వస్తుందిలే," అన్నాను. "నువ్వు అడుగు వెయ్యి."